ఇద్దరి పని

డిమెన్షియా మనిషిలోని జ్ఞాపకాలన్నిటినీ ఒక్కసారిగా పట్టుకుపోదు. ఆ పోవడంలో ఒక వరస ఉంటుంది. డిమెన్షియాల్లో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ జబ్బులో తొలిదశలోనే దెబ్బతినేది కణతల లోపలివైపున ఉండే హిప్పోకాంపస్ అనే భాగం. కొత్త సంగతులను పోగుచేసి నిలవచేసే పని దానిదే. అందుకే పొద్దున ఏం తిన్నదీ చెప్పలేని మనిషి, ఇందాక అడిగిన మాటనే మళ్ళీ అడుగుతున్నానని తెలియని మనిషి, యాభై ఏళ్ళ కిందటి తన పెళ్ళిలో మగపెళ్ళివారికి విడిది ఎవరింట్లో ఇచ్చారో, వడ్డనలో ఏ కూర చాలలేదో తడుముకోకుండా చెబుతారు. చేతికి అలవాటైన పనుల సంగతి ఇంకా వేరు. పూలు కట్టడం, పిండి తడపడం, సైకిలు తొక్కడం, సంతకం పెట్టడం వంటివి హిప్పోకాంపస్ అధీనంలో ఉండవు. వాటిని నడిపే చిన్నమెదడూ, మెదడు అడుగున ఉండే మరికొన్ని కేంద్రాలూ ఈ జబ్బుకు ఆలస్యంగా లోనవుతాయి.

ఈ తేడా మొదట బయటపడింది డిమెన్షియా రోగుల్లో కాదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గడానికి శస్త్రచికిత్స చేసి, మెదడు రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆ తరవాత అతనికి ఏ కొత్త సంగతీ నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీత వెంట పెన్సిలు నడిపించారు. మూడు రోజుల్లో అతని చెయ్యి తిరిగింది. అంతకుముందు ఆ పని చేసినట్టు మాత్రం అతనికి ఏ రోజూ గుర్తులేదు. చేతికి వచ్చిన విద్య మనసుకు తెలియకుండానే ఉండగలదని అలా తేలింది.

భావాలు కూడా ఇలాగే, వాటిని పుట్టించిన సంగతి పోయాక మిగులుతాయి. అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో వెలువరించిన ఒక అధ్యయనంలో అల్జీమర్స్ ఉన్నవారికి కొన్ని దుఃఖపు సినిమా దృశ్యాలు, మరోసారి కొన్ని సంతోషపు దృశ్యాలు చూపించారు. కాసేపటికి ఏం చూశారో వారు చెప్పలేకపోయారు. దిగులు మాత్రం దిగులుగానే, ఉల్లాసం ఉల్లాసంగానే ఉండిపోయింది. రోగితో కాపురం చేస్తున్న మనిషికి ఇంతకన్నా అక్కరకు వచ్చే సంగతి వైద్యంలో మరొకటి ఉందో లేదో. పొద్దున ఇద్దరూ కలిసి గడిపిన అరగంట మధ్యాహ్నానికి మాసిపోవచ్చు. అది ఇచ్చిన నెమ్మది మధ్యాహ్నం దాకా వస్తుంది. విసుక్కున్న మాట కూడా అంతే. ఆ మాట పోతుంది, చిన్నబోయిన మనసు మిగిలిపోతుంది.

2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉంది. అంటే సుమారు 88 లక్షల మంది. మగవారిలోకన్నా ఆడవారిలో, పట్నాల్లోకన్నా పల్లెల్లో ఎక్కువ. వీరిని చూసుకునేది చాలావరకు ఇంటివాళ్ళే. తెలుగు ఊళ్ళల్లో ఇవాళ ఆ ఇల్లంటే తరచు ఇద్దరే ఉన్న ఇల్లు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. జబ్బుపడ్డది భర్త అయితే భార్య, భార్య అయితే భర్త, తమకూ డెబ్భై దాటిన వయసులో, రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉంటారు. మందులు వేయడం, స్నానం చేయించడం, తలుపు గడియ చూసుకోవడం, బ్యాంకు పనులు, కరెంటు బిల్లు అన్నీ ఒక్కరి మీద పడతాయి. ఈ హడావుడిలో జబ్బు మనిషి రోజంతా ఏం చేస్తున్నారన్న ప్రశ్నకు చోటుండదు. ఏమీ చేయకపోవడమే వారికి సుఖమని అనుకోవడం తేలిక.

ఈ అనుకోవడం వెనక ఉన్నది నిర్లక్ష్యం కాదు, ప్రేమ. మన ఇళ్ళల్లో పెద్దవారిని బాగా చూసుకోవడమంటే కాలు కింద పెట్టనీయకపోవడం. "నువ్వు కూర్చో, నేను చూసుకుంటా" అన్న మాటలో ఎంతో ఆపేక్ష ఉంది. యాభై ఏళ్ళు వంటిల్లు నడిపిన ఇల్లాలు ఒకనాడు పోపు మాడ్చిందనో, పాలు పొయ్యిమీద పెట్టి మరిచిపోయిందనో భర్త ఆమెను అక్కడినుంచి లేపి హాల్లో టీవీ ముందు కూర్చోబెడతాడు. వంటమనిషిని పెడతాడు. పొయ్యి దగ్గరికి వెళ్ళనీయకపోవడం సరైనదే. కానీ పొయ్యితోపాటు కత్తిపీట, చాట, పప్పుల డబ్బాలు, పోపుల పెట్టె, రేపటి కూర ఏమిటన్న ఆలోచన అన్నీ ఆమె చేతుల్లోంచి వెళ్ళిపోతాయి. ఆమె అటూ ఇటూ తిరుగుతుంది, అలమరలు తెరుస్తుంది, గిన్నెలు సర్ది మళ్ళీ సర్దుతుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని జబ్బు లక్షణం అంటారు. అందులో కొంత జబ్బు నిజమే. కొంత, పని లేకుండా పోయిన చేతుల వెతుకులాట.

ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన టామ్ కిట్‌వుడ్ 1997లో రాసిన పుస్తకంలో, డిమెన్షియా ఉన్నవారి పట్ల చుట్టూ ఉన్నవారు చెడు తలంపు లేకుండానే చేసే హానులను వరసగా చెప్పాడు. చేయగలిగిన పనిని కూడా చేయనీయకపోవడం, పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడడం, అందుకోలేనంత వేగంగా వారిని తొందరపెట్టడం, వారు లేనట్టే వారి గురించి పక్కవారితో మాట్లాడడం అందులో ఉన్నాయి. మెదడు క్షీణించడం వల్ల ఎంత కోల్పోతారో, మనుషుల తీరు వల్ల ఇంకెంత కోల్పోతారో విడదీసి చూడాలన్నది ఆయన వాదం. ఈ రెండో నష్టాన్ని ఏ మాత్రా ఆపలేదు. ఆపగలిగింది ఇంటి మనిషి, అదీ జబ్బు మనిషికి రోజు పనిలో ఒక వాటా మళ్ళీ ఇవ్వడం ద్వారా.

దీనివల్ల ఎంత ఆశించవచ్చో ముందే తెలుసుకోవడం మంచిది. కలిసి చేసే పనులు జబ్బును నయం చేయవు. లండన్‌లో ఎయిమీ స్పెక్టర్, ఆమె సహచరులు రూపొందించిన మేధో ప్రేరణ చికిత్సలో కొద్దిమంది రోగులు బృందంగా కూర్చుని ఏడు వారాల్లో పద్నాలుగు సార్లు ఆటలు, పాటలు, వార్తలు, వంటల ముచ్చట్ల వంటివాటితో గడుపుతారు. 2003లో 201 మంది మీద ప్రచురించిన ఫలితాల్లో వారి ఆలోచనా శక్తి, జీవన తృప్తి కొద్దిగా మెరుగుపడ్డాయి. అదే పద్ధతిని ఇంట్లో భార్య గానీ భర్త గానీ పిల్లలు గానీ అరగంట చొప్పున వారానికి మూడుసార్లు చేయిస్తే ఎలా ఉంటుందని మార్టిన్ ఓరెల్ బృందం 356 జంటలతో 25 వారాలు పరీక్షించింది. 2017లో వచ్చిన ఆ ఫలితం నిరాశ కలిగించేదే: జ్ఞాపకశక్తి పరీక్షల్లో తేడా కనబడలేదు. అయితే తమను చూసుకునేవారితో తమ బంధం మెరుగైందని రోగులే చెప్పారు. చూసుకునేవారి ఆరోగ్య సంబంధమైన జీవన నాణ్యత కూడా పెరిగింది. ఈ ఫలితాన్ని ఓటమిగా చదివినవారున్నారు. దంపతుల విషయంలో దీన్ని అలా చదవకూడదు. మాటకు మాట తప్పిపోతున్న ఇంట్లో, ఈమె నా మనిషి అన్న నమ్మకం జబ్బు మనిషిలో గట్టిపడడం పరీక్షలో రెండు మార్కులు పెరగడంకన్నా విలువైనది.

హెచ్చరికగా నిలిచే ఫలితమూ ఒకటుంది. రోగులనూ వారి కుటుంబ సభ్యులనూ కలిపి కూర్చోబెట్టి పాత జ్ఞాపకాలను తలపోయించే బృంద కార్యక్రమాన్ని బ్రిటన్‌లో 488 జంటలతో పరీక్షించారు. 2012లో వచ్చిన నివేదికలో రోగులకు చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. చూసుకునేవారిలో ఆందోళన కొంత పెరిగింది. గతం తవ్వడం ఎప్పుడూ హాయి కాదు. ఎదుటివారికి ఎంత పోయిందో ప్రతి జ్ఞాపకం దగ్గరా తూచి చూసుకోవలసి వస్తుంది.

ఆంగ్ల నవలా రచయిత్రి ఐరిస్ మర్డోక్ చివరి ఏళ్ళను ఆమె భర్త జాన్ బెయిలీ 1998లో పుస్తకంగా రాశాడు. తత్వశాస్త్రం బోధించిన మనిషి, ఇరవైకి పైగా నవలలు రాసిన మనిషి అల్జీమర్స్‌తో మాటలు వెతుక్కునే స్థితికి వచ్చింది. వాళ్ళిద్దరికీ పెళ్ళికి ముందు నుంచీ నదిలో ఈత సరదా. జబ్బు ముదిరాక కూడా భర్త ఆమెను ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఏటికి తీసుకువెళ్ళేవాడు. పొద్దున పూట పసిపిల్లల కోసం తీసిన టెలీటబ్బీస్ అనే టీవీ కార్యక్రమాన్ని ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూసేవారు. ఇద్దరు పండితులు పిల్లల బొమ్మలు చూడడమేమిటని లోకం అనుకోవచ్చు. ఆయన ఆమెకు పాఠం చెప్పలేదు, పరీక్ష పెట్టలేదు. ఆమె చూడగలిగిన దాన్ని తానూ చూశాడు. మర్డోక్ 1999 ఫిబ్రవరిలో చనిపోయింది.

తెలుగు ఇంట్లో ఇలాంటి పనులకు కొదవ లేదు, వెతికి కొనుక్కు రావలసిన సామగ్రీ లేదు. పని ఆ మనిషి బతుకులోంచి రావాలి, అదొక్కటే నియమం. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, వెల్లుల్లి వొలవడం, వేరుశనక్కాయలు కొట్టడం, చింతపండులో గింజలు తీయడం, కందిపప్పు ఏరడం, దేవుడి దగ్గరికి వత్తులు చేయడం, మల్లెలు మాల కట్టడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం అన్నీ ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చేయగలిగినవి. వీటిలో తొందర లేదు. తప్పు జరిగితే నష్టం లేదు. చివరికి కళ్ళెదుట ఒక కుప్ప కనబడుతుంది. తెలంగాణలో బతుకమ్మ పేర్చే రోజుల్లో గునుగు, తంగేడు, బంతి పూలు కట్టలు కట్టడం ఇంతకన్నా గొప్ప పని, ఎందుకంటే ఆ పూల రంగూ స్పర్శా ఆ మనిషి బాల్యం దాకా వెళ్ళగలవు.

చేనేత ఇళ్ళల్లో దాంపత్యమే పని పంపకంగా నడిచింది. మగ్గం మీద భర్త, రాట్నం దగ్గర కండెలు చుడుతూ భార్య. అలాంటి ఇంట్లో మగ్గం మీద పని సాగనప్పుడు కూడా నూలు చిలప చేతికిస్తే వేళ్ళు వాటంతట అవే చిక్కు తీస్తాయి. రైతుకు విత్తనాల సంచి, దర్జీకి గుండీలూ గుడ్డముక్కలూ, ఆర్టీసీ కండక్టరుగా చేసినవారికి చిల్లర లెక్క, బడిపంతులుకు ఎర్ర సిరా కలం. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ రద్దయ్యేనాటికి నడివయసులో ఉన్నవారు ఇప్పుడు ఎనభై దాటారు. వారిలో ఒకరి ముందు పాత అడంగల్ నమూనా లాంటి గళ్ళ కాగితం పెడితే గంటసేపు తల ఎత్తకపోవచ్చు. అందరికీ ఒకే పజిల్ పుస్తకం ఇచ్చే అలవాటు ఈమధ్య వ్యాపిస్తోంది. జీవితంలో ఎన్నడూ గళ్ళనుడికట్టు పూరించని మనిషికి డెబ్భై అయిదో ఏట అది శిక్షే.

మగవాళ్ళకు వంటింటి పని అప్పగించడానికి కొందరు భార్యలు వెనకాడతారు. ఆయన చేత చిక్కుళ్ళు వొలిపిస్తోందని చుట్టాలు అంటారేమోనని బెరుకు. ఇది ఆ మనిషి స్వభావాన్ని బట్టి తేల్చుకోవలసినది. పొద్దున్నే పేపరు చదవడం ఆయన పనైతే అదే సాగాలి. చదివింది నిలవకపోయినా శీర్షికలు పైకి చదివి వినిపించడం ఆయన వంతు, వింటూ ఒక మాట అనడం ఆమె వంతు. కూరగాయల సంచి మోయడం, మొక్కలకు నీళ్ళు పోయడం, ఇత్తడి సామాను తోమడం, క్యాలెండరు కాగితం చింపడం ఇంటి యజమాని పెద్దరికానికి భంగం కలిగించవు. మడతపెట్టిన తువ్వాళ్ళనే చాటున మళ్ళీ చిందరవందర చేసి తెచ్చి ఇచ్చే పద్ధతి ఒకటుంది. చూసుకునేవారి అలసట తెలిసినవారు దాన్ని తప్పుపట్టలేరు. అయినా ఇంటికి నిజంగా అవసరమైన పని ఉండగా ఉత్తుత్తి పనికి పోకపోవడమే మేలు. ఏరిన పప్పు ఆ పూటే ఉడకాలి. కట్టిన మాల దేవుడి పటానికి పడాలి. "ఇవాళ పప్పు మీరు ఏరిందేనండీ" అన్న మాట కంచం దగ్గర వినబడాలి.

పని అప్పగించే తీరు పని ఎంపికకన్నా కష్టమైనది. "వెళ్ళి కూర తరగండి" అన్న ఒక్క మాటలో కూరగాయ తేవడం, కడగడం, కత్తిపీట వాల్చడం, ముక్కల సైజు తేల్చుకోవడం, గిన్నెలో వేయడం ఇన్ని దశలున్నాయి. మామూలు మెదడు వీటిని తనంత తాను వరసపెడుతుంది. డిమెన్షియాలో ఆ వరసపెట్టే శక్తి ముందే సడలుతుంది. అందుకని అన్నీ సిద్ధం చేసి, ఒక్క దశ మాత్రమే వారికి వదలాలి. చెప్పడంకన్నా చేసి చూపడం మేలు. ఎదురుగా కూర్చుని నాలుగు కాయలు తాను వొలిచి, అయిదోది చేతికిస్తే చాలాసార్లు మాట అవసరమే ఉండదు. మధ్యలో ఆగిపోతే ఒక క్షణం ఓపిక పట్టి, మరో కాయ అందించాలి. తప్పు చేసినప్పుడు దిద్దకుండా ఉండడం అన్నిటికన్నా కష్టం, ముఖ్యంగా నలభై ఏళ్ళుగా ఒకరి పనిని ఒకరు దిద్దుతూ వచ్చిన దంపతులకు. ఈనెలు సగమే తీసినా, దుప్పటి మడత వంకరగా ఉన్నా అలాగే పక్కన పెట్టాలి. వారి వెనకే అదే పనిని మళ్ళీ చేయడం వారి కంట పడకూడదు.

మాటల్లో ప్రమాదకరమైనది "గుర్తుందా?" అన్న ప్రశ్న. సెలవులకు వచ్చిన కొడుకో, చుట్టపుచూపుగా వచ్చిన మరదలో గుమ్మంలోనే "నేనెవరో చెప్పు చూద్దాం" అంటారు. అందులో ఆప్యాయత ఉంది. అవతలివారికి అది నలుగురిలో పెట్టిన పరీక్ష. జవాబు రాకపోతే నవ్వేసి ఊరుకుంటారు, లేకపోతే కసురుకుంటారు, ఆపైన ఎవరైనా వస్తున్నారంటేనే గదిలోకి వెళ్ళిపోతారు. "నేను మీ పెద్దాడు రవిని నాన్నా" అని పేరూ వరసా ముందే చెప్పేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. పెళ్ళి ఫోటోల ఆల్బం తెరిచినప్పుడు కూడా అంతే. ఇదెవరు అని వేలు పెట్టి అడగడం మాని, "మీ మేనత్త కట్టుకున్న చీర చూడండి, ఎంత బాగుందో" అని తానే మొదలుపెట్టాలి. అవతలినుంచి ఒక మాట వస్తే సరి, రాకపోయినా చీర బాగానే ఉంటుంది. అమెరికాలో ఆన్ బాస్టింగ్ 1998లో మొదలుపెట్టిన ఒక పద్ధతిలో జ్ఞాపకాన్ని అసలు అడగరు. ఒక వింత బొమ్మ చూపి ఏం జరుగుతోందో కల్పించి చెప్పమంటారు, చెప్పిందంతా కథగా రాసి చదివి వినిపిస్తారు. కల్పనలో తప్పు ఉండదు. కథలు చెప్పే అలవాటున్న మన ఇళ్ళకు ఇది బాగా నప్పుతుంది. పాత చందమామ సంచికల బొమ్మలు ఇందుకు పనికివస్తాయి.

పాట దగ్గర ఈ శ్రమ కూడా అక్కరలేదు. లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2015లో చూపినదాన్ని బట్టి, ఎరిగిన పాటలను గుర్తించే మెదడు భాగాలు అల్జీమర్స్‌లో మిగతావాటికన్నా తక్కువగా దెబ్బతింటాయి. మనిషికి జీవితమంతటిలో బలంగా నిలిచేవి పది ఏళ్ళకూ ముప్ఫైకీ మధ్య నాటి సంగతులని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. ఇప్పుడు డెబ్భై అయిదేళ్ళ తెలుగువారికి అవి 1960లకూ 1970లకూ చెందిన రోజులు: ఘంటసాల, సుశీల పాటలు, 1957లో వచ్చి మళ్ళీ మళ్ళీ ఆడిన మాయాబజార్, విజయవాడ ఆకాశవాణి పొద్దుటి భక్తిరంజని. బడిలో వల్లె వేసిన శతక పద్యాలు, ఎక్కాలు, తిథులు, నక్షత్రాల పేర్లు ఇంకా లోతున ఉంటాయి. వాక్యం పూర్తి చేయలేని మనిషి పద్యం మొదటి పాదం అందిస్తే మిగతా మూడు పాదాలూ ఆగకుండా చెప్పడం చాలా ఇళ్ళల్లో చూసేదే. భార్య మొదలుపెట్టడం, భర్త అందుకోవడం. ఇది పాడడం వచ్చినవారి విద్య కానక్కరలేదు. సెల్‌ఫోనులో పాట పెట్టి తాను లేచి వెళ్ళిపోతే మాత్రం అది కలిసి చేసిన పని కాదు. రోజంతా మోగే టీవీ సంగతి చెప్పనే అక్కరలేదు. దాని చప్పుడు, దృశ్యం వెంట దృశ్యం మారిపోవడం చాలామందిని కలవరపెడతాయి, సీరియల్లోని ఏడుపు తమ ఇంట్లోదే అనుకునేవారూ ఉంటారు.

భాష గురించి హైదరాబాదుకు ఒక ప్రత్యేకత ఉంది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి, ఆమె బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు వంటివాటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు ఒకే భాష వచ్చినవారికన్నా సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. జబ్బు వచ్చాక కొందరిలో తరవాత నేర్చిన భాష ముందు సడలి, తల్లిభాష ఎక్కువ కాలం నిలుస్తుంది. అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న తెలుగు దంపతులకు ఇది చిన్న విషయం కాదు. అక్కడి డే కేర్‌లో ఇంగ్లీషులో నడిచే ఆటలు ఆమెకు అందకపోవచ్చు. ఇంట్లో భర్త తమ ఊరి యాసలో ఆడే మాట ఆమెకు మిగిలిన ఊరు అవుతుంది.

ఆటల్లో పాతవే మంచివి. అష్టాచెమ్మా, వామనగుంటలు, పులిజూదం, పేక. నియమాలు గుర్తులేనప్పుడు నియమాలనే తగ్గించుకోవాలి. రమ్మీ ఆడలేనివారు రంగుల వారీగా ముక్కలు వేరు చేయగలరు. గవ్వలు వేయడమే ఒక ఆట. ఓడించి గెలిచే ముచ్చట ఇక ముగిసిందని ఎదుటివారు ఒప్పుకోవాలి. సాయంత్రం నడక, గుడికి వెళ్ళి ప్రదక్షిణ, రైతుబజారులో వంకాయలు ఏరడం ఇంటి బయటి పనులు. పరిచయమున్న దుకాణదారుకు విషయం ముందే చెప్పి ఉంచితే చిల్లర లెక్కలో తికమక రచ్చ కాకుండా ఉంటుంది.

పనిలో దిగకపోవడానికి కారణం ఎప్పుడూ జబ్బే కానక్కరలేదు. చెవి వినబడక, కంట్లో శుక్లం ముదిరి, మలబద్ధకంతో, నొప్పి చెప్పలేక మనిషి ముడుచుకుపోవచ్చు. ముందు ఇవి చూడాలి. కళ్ళజోడు తుడిచి పెట్టడం, వినికిడి యంత్రానికి బ్యాటరీ వేయడం కూడా మనసును పనిలో పెట్టడంలో భాగమే. చాలామందికి పొద్దున పూట తేటగా ఉంటుంది. పొద్దు వాలే వేళకు కలవరం పెరుగుతుంది. కొత్త పనికి అది వేళ కాదు. అప్పుడు దీపాలు త్వరగా వేసి, అలవాటైన వత్తులో పద్యాలో పట్టుకోవాలి. పదిహేను, ఇరవై నిమిషాలు ఒక విడతకు చాలు. వద్దన్నప్పుడు వదిలేసి, కాఫీ తాగాక మళ్ళీ అడగవచ్చు. డిమెన్షియా అంతా ఒకటీ కాదు. లూయీ బాడీ రకంలో ఒకే రోజు ఒక పూట తేట, ఒక పూట మబ్బు. ముందుమెదడుకు సంబంధించిన రకంలో తనంత తాను ఏదీ మొదలుపెట్టరు, అది మొండితనంగా కనిపిస్తుంది. పక్కనుండి మొదలుపెట్టించినప్పుడే కదులుతారు. పక్షవాతం తరవాత వచ్చినదైతే ఏ వైపు చెయ్యి ఆడుతుందో చూసుకోవాలి.

తొలిదశలో మనిషికి తన స్థితి తెలుసు. అప్పుడు కలిసి చేయవలసిన పెద్ద పనులు వేరే ఉన్నాయి: ఆస్తుల కాగితాలు సర్దడం, బ్యాంకు ఖాతాలకు జంటపేర్లు, వీలునామా, చూడాలనుకున్న ఊరు చూసి రావడం, బంధువుల వరసలు ఒక పుస్తకంలో రాసుకోవడం. ఇవి వారి నిర్ణయంతో జరగాలి, తరవాత వారి తరఫున కాదు. నడిమి దశకు పైన చెప్పిన ఇంటి పనులు సరిపోతాయి. చివరి దశలో చేతులు కూడా మరిచిపోతాయి. అప్పుడు తలకు నూనె రాయడం, అరచేయి నిమరడం, తాలింపు వాసన, మల్లెపూలు, తెలిసిన గొంతుతో ఒక కీర్తన మిగులుతాయి. వినడం కూడా ఒక వంతే. మింగడం కష్టమవుతున్నప్పుడు తినిపించేటప్పుడు కబుర్లు, పాటలు ఆపి, కూర్చోబెట్టి నెమ్మదిగా పెట్టాలి.

ఇదంతా చేయవలసిన మనిషికి తన రోజంటూ కొంత ఉండాలి. ఏ పనీ సాగని రోజులు వస్తాయి. ఆ రోజున ఇద్దరూ ఊరికే అరుగు మీద కూర్చున్నా తప్పు లేదు. వారానికి రెండు పూటలైనా తోడికోడలో, పక్కింటివారో, జీతానికి పెట్టుకున్న ఆయాయో వచ్చి కూర్చోవాలి, ఆ పూట భార్య గుడికో బజారుకో నిద్రకో పోవాలి. పిల్లలు దూరంలో ఉంటే వీడియో కాల్లో రోజుకొక పద్యమో పాటో వారు అందుకోవచ్చు. ఎవరిని అడగాలో తెలియనివారికి వృద్ధుల కోసం 14567, మానసిక ఆరోగ్య సలహా కోసం 14416 అనే ప్రభుత్వ ఫోను నంబర్లు ఉన్నాయి. 1992లో కేరళలో మొదలైన భారత అల్జీమర్స్ సంఘానికి హైదరాబాదులోనూ శాఖ ఉంది. వంతుకు వచ్చేవారి కోసం ఒక కాగితం మీద కొన్ని సంగతులు రాసి గోడకు అంటించాలి: ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, ఏ పాటకు తేరుకుంటారు, ఏ పని ఇష్టం, ఏ మాటకు బెదురుతారు, కాఫీలో చక్కెర ఎంత. ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినప్పుడు వెంట తీసుకువెళ్ళి నర్సులకు ఇవ్వవలసిన మొదటి కాగితం కూడా అదే.